గిర్నీ పెద్దమ్మ కార్డు కథ

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఏదో కాలేజీలో తెలుగు చెబుతుందట. కార్డు కథల్లో, మినీ కథల్లో స్త్రీల కృషి గురించి సభ పెడుతున్నారట, నేను వచ్చి అరగంట మాట్లాడాలట. "మీరు ఆ రోజుల్లో రాసినవారు కదా మేడమ్! ఎవరెవరు రాసేవారో పేర్లు, ఊర్లు చెబితే చాలు. ఎవరికీ గుర్తులేని పేర్లయితే ఇంకా మంచిది" అన్నది. సరేనన్నాను. వేదిక అంటే కాదనే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. ఫోన్ పెట్టేసి, పేర్లు రాద్దామని కాగితం ముందేసుకుని కూర్చుంటే, మొట్టమొదట గుర్తొచ్చిన పేరే రాయకూడని పేరు.

ఆమె పోయి చాలా కాలమైంది. సంతోష్‌నగర్‌లో కూతురింట్లో పోయిందట. ఆ సంగతి నాకు పెద్దకర్మ కూడా అయిపోయాక తెలిసింది. తెలిసినా వెళ్ళి ఉండేదాన్నా అంటే ఏమో, చెప్పలేను. ఆమె పేరు ఇక్కడ కూడా రాయను. గల్లీలో నలుగురూ ఆమె చాటున అనుకున్న పేరే రాస్తాను. ఆ పేరు పెట్టింది మా బాపు. గిర్నీ. పిండి గిర్నీ ఒకసారి మొదలైతే గల్లీ చివరిదాకా వినిపిస్తుంది కదా, అందుకని. బాపుకు పేర్లు పెట్టడం బాగా వచ్చు.

మేము ఉప్పుగూడలో వాళ్ళింట్లో కిరాయికి ఉండేవాళ్ళం. డెబ్భైల చివరి మాట. రైలు పోయినప్పుడల్లా అరలోని గిన్నెలు కదిలేంత దగ్గరగా పట్టాలు. ముందువైపు మా రెండు గదులు, వెనకవైపు వాళ్ళు, వాళ్ళ వెనక బర్రెల కొట్టం. మాకూ వాళ్ళకూ మధ్య ఒకటే గోడ. పేరుకే గోడ, అటు దగ్గితే ఇటు వినిపించేది. వాళ్ళది తాతల నాటి పాల వ్యాపారం. పెద్దబాపు, అంటే ఆమె భర్త, తెల్లారకముందే లేచి పాలు పిండి, సైకిల్‌కు క్యాన్లు కట్టుకుని వెళ్ళిపోయేవాడు. మెత్తని మనిషి. బర్రెను పక్కకు జరపాలన్నా "జరుగు తల్లీ" అనేవాడు. మా బాపు సర్కారు ఫ్యాక్టరీలో క్లర్కు. ఎవరికి దరఖాస్తు కావాలన్నా ఇంగ్లీషులో రాసిచ్చేవాడు. అందుకని గల్లీ అంతా ఆయన్ను సార్ అనేది.

పెద్దమ్మ మాట గురించి చెప్పాలి. ఒకసారి మా అమ్మ "అక్కా, ఇయ్యాల పాలు జర పల్చగున్నయేంది?" అని అడిగింది. అంతే, పెద్దమ్మ మా గడప మీద చతికిలబడింది.

"పల్చగ గాకేమైతయి చెల్లే! నల్లబర్రె ఎవరి బిడ్డ? వంకరకొమ్ముల దాని బిడ్డ. దాన్ని మా మామ యాడికెళ్ళి తెచ్చిండు? పెండ్లికని పోయి బర్రెను పట్టుకొచ్చిండు. ఎవరి పెండ్లి అంటవా..."

ఎవరి పెళ్ళో చెప్పింది. ఆ పెళ్ళిలో తప్పిపోయిన పిల్ల, పిల్లను వెతికి తెచ్చిన టాంగావాలా, ఆ టాంగావాలా రెండో భార్య తెచ్చిన లొల్లి, అన్నీ చెప్పింది. మా పొయ్యి మీది పప్పు మాడిన వాసన వచ్చాక లేచింది. పాలు ఎందుకు పల్చగా ఉన్నాయో మాత్రం చెప్పలేదు. నీళ్ళు కలిపారన్న అనుమానం కూడా ఆ పెళ్ళి సందట్లో ఎటో కొట్టుకుపోయింది.

వేళాపాళా ఉండేది కాదు. బాపు అన్నానికి కూర్చున్నప్పుడు, బాపు ఇంత ఎత్తున కోపం మీద ఉన్నప్పుడు, సరిగ్గా అప్పుడే చేతిలో ఖాళీ గిలాస పట్టుకుని దిగేది. "చారెడు చక్కెర ఉంటె పెట్టు చెల్లే" అని గడప మీద కూర్చునేది. చక్కెర ఇచ్చినా లేచేది కాదు. బాపు పళ్ళు కొరుక్కుంటూ అంగీ వేసుకుని బయటికి పోయేవాడు. ఆమె వెళ్ళాక నేను ఆమెలాగే కూర్చుని, ఆమెలాగే చెయ్యి తిప్పుతూ "ఎవరి పెండ్లి అంటవా" అని అభినయించేదాన్ని. అమ్మ కూడా నవ్వేది. అప్పుడప్పుడు నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకునేది. నవ్వు ఎక్కువై కళ్ళు తడిశాయనుకునేదాన్ని.

ఇంత మాటకారి రాసేది మాత్రం నాలుగైదు వాక్యాలు. పురానాపూల్‌లో పుట్టింట ఉన్నప్పుడు ఏడో తరగతి దాకా చదువుకుందట. పాలు పోసే ఒక ఇంటివాళ్ళు చదివేసిన వారపత్రికలు ఇచ్చేవాళ్ళు. వాటిలో కార్డు కథలు పంపమని ప్రకటన చూసింది. పోస్టుకార్డు మీద రాయమన్నారు కాబట్టి అది ఉత్తరంలాగే ఉండాలనుకుంది. అందుకే ఆమె రాసిన ప్రతి కథా "అమ్మా, ఇక్కడ అందరం క్షేమం" అని మొదలయ్యేది. ఆ తర్వాత ఎవరూ క్షేమంగా ఉండేవాళ్ళు కాదు. అచ్చయిన వాటిలో ఒకటి నాకు నోటికి వచ్చు.

"అమ్మా, ఇక్కడ అందరం క్షేమం. కోడలికి కొడుకు పుట్టినాడు. ఆ సంతోషంలో గల్లీ అంతటికీ ఊరికే పాలు పోసినాము. బాలింతకు గ్లాసెడు ఇద్దామంటే క్యానులో చుక్క లేదు."

పాల క్యాను మూత తిరగేసి, దాని మీద కార్డు పెట్టుకుని రాసేది. చెయ్యి తడిగా ఉంటే అక్షరం అలికినట్టయ్యేది. ఎవరైనా వస్తున్న అలికిడి వినబడితే కార్డును కొంగు కిందికి లాగేది, ఏదో దొంగసొమ్ము దాచినట్టు. రాయడానికి ముందు పొద్దంతా ఆ కథను బర్రెలకు చెప్పేది. పేడ ఎత్తుతూ ఒకలా, కుడితి పోస్తూ ఒకలా. ఒక్కోసారి ఒక్కో మాట తగ్గేది. "గీ మాట తీస్తె పాలు తగ్గుతయా? తగ్గయి. మరి తీసెయ్యి" అని తనకు తానే చెప్పుకునేది. పాలలో నీళ్ళు కలిపే మనిషి కథలో చుక్క నీళ్ళు పడనిచ్చేది కాదు.

నేను అప్పుడు డిగ్రీ చదువుతూ పెద్ద కథలు రాస్తున్నాను. పేజీల కొద్దీ వెన్నెల, పేజీల కొద్దీ విరహం. "పెద్దమ్మా, ఇంత మాట్లాడుతవు, పెద్ద కథ రాయొచ్చు గద?" అని అడిగాను.

"పెద్ద కథ రాయాలంటె పెద్ద పగలుండాలె బిడ్డా. నా కథ పాలు పొంగేలోపట అయిపోవాలె" అన్నది.

ఇప్పుడు ఆలోచిస్తే కార్డు కథ రాసిన ఆడవాళ్ళలో చాలామంది అట్లాంటి వాళ్ళేననిపిస్తుంది. బల్ల లేదు, గది లేదు, ఎవరూ పిలవని గంట లేదు. కవరు కొనాలంటే, తపాలా బిళ్ళలు అంటించాలంటే ఇంట్లో అడగాలి. కార్డును ఎవరూ లెక్కచెయ్యరు. పత్రికల వాళ్ళు ఆ కథల్ని పేజీ అడుగున మిగిలిన జాగాలో వేసేవాళ్ళు. సభల్లో పెద్దలు వాటిని చిల్లర కథలనేవాళ్ళు. అన్నం తిన్నాక వేసుకునే సోంపు లాంటివని ఒకాయన అంటే అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

కార్డు రాశాక దాన్ని పోస్టన్న చేతికిచ్చేది. ఆ పోస్టుమ్యాన్ ఆమె పుట్టింటి వాడకట్టు మనిషి. ఆమెను చెల్లె అనేవాడు. గల్లీలో చదువురాని వాళ్ళకు వచ్చిన కార్డులన్నీ ఆయనే చదివి వినిపించేవాడు. పుట్టుకైనా చావైనా ఒకే గొంతుతో, బియ్యం కొలిచినట్టు చదివేవాడు. మొదట్లో ఆమె కథలు పేరుతో, ఉప్పుగూడ అని ఊరితో సహా అచ్చయ్యాయి. పత్రిక వచ్చిన రోజు పెద్దబాపు దాన్ని క్యాన్ల మధ్య పెట్టుకుని పాలు పోసే ఇళ్ళన్నిట్లో చూపించేవాడు.

ఇక మా ఇంటి సంగతి. దీన్ని ఇన్నేళ్ళూ నేను ఎక్కడా రాయలేదు. మా బాపు అమ్మను కొట్టేవాడు. తాగి కాదు, తాగేవాడు కాదు. ఉప్పు ఎక్కువైందని, ఇస్త్రీ సరిగా లేదని, ఆఫీసులో ఎవరో ఏదో అన్నారని. ముఖం మీద కొట్టేవాడు కాదు, చదువుకున్నవాడు కదా. ఆ ఏడు బోనాల పండుగకు అమ్మమ్మ వచ్చి, అమ్మను లాడ్ బజార్‌కు తీసుకెళ్ళి రెండు చేతుల నిండా ఆకుపచ్చ గాజులు తొడిగించింది. వారం తిరగకముందే అవి పోయాయి. అమ్మ చీపురుతో పెంకులు ఊడ్చి "బండ మీద జారిపడ్డ" అన్నది. గోడ అవతల బర్రెలు కూడా ఆ పూట మెదలలేదు. మేము అక్కడి నుంచి అన్నీ వినేవాళ్ళం, వాళ్ళూ ఇక్కడి నుంచి అన్నీ వింటారన్న ఆలోచన మాత్రం మాకు రాలేదు.

ఆ తర్వాత పెద్దమ్మ రాసిన కార్డు ఇది.

"అమ్మా, ఇక్కడ అందరం క్షేమం. పండుగకు నువ్వు తొడిగించిన ఆకుపచ్చ గాజులు చేతికి బాగా నప్పినవి. వారం తిరగకముందే పగిలినవి. దెబ్బ నాకు తగలలేదు, గాజులకే తగిలింది. ఈసారి వచ్చేటప్పుడు పగలనివి ఏమైనా ఉంటే తీసుకురా."

పోస్టన్న ఆ కార్డును సంచిలో వేసుకునే ముందు చదివాడు. ఆయన అన్ని కార్డులూ చదివేవాడు. అంతకుముందు కోడలి గురించో అత్త గురించో రాస్తే పట్టించుకోలేదు, ఆమెకు కోడలూ లేదు, అత్తా లేదు. ఈసారి దెబ్బా గాజులూ అనేసరికి గుండె ఝల్లుమన్నదట. పై చిరునామా పత్రికది. అంటే దెబ్బలకు తాళలేక చెల్లె ఏకంగా పేపరుకు ఫిర్యాదు రాసుకుంటున్నదని అనుకున్నాడు. పుట్టింటి వాడకట్టు వాడు కదా, ఊరుకుంటే అన్న ఎట్లా అవుతాడు? కార్డు డబ్బాలో వేయలేదు. పురానాపూల్ వెళ్ళి ఆమె సొంత అన్న చేతిలో పెట్టాడు.

ఆదివారం పొద్దెక్కాక ఆ అన్న ఇద్దరు పెద్దమనుషుల్ని, పోస్టన్నను వెంటబెట్టుకుని దిగాడు. కొట్టం ముందు నులకమంచం వేశారు. చదువుకున్నవాడు, ఇంట్లో కిరాయికి ఉన్నవాడు, న్యాయం తెలిసినవాడు అని మా బాపును పిలిచారు. ఆయనకు మాత్రం కుర్చీ వేశారు. బాపు ఇస్త్రీ అంగీ వేసుకుని వెళ్ళి కూర్చున్నాడు. గల్లీ ఆడవాళ్ళు గోడ వారన చేరారు. నేనూ చేరాను.

పోస్టన్న కార్డు చదివాడు, ఎప్పటిలాగే బియ్యం కొలిచినట్టు. ఆకుపచ్చ గాజులు అన్న మాట దగ్గర అవి ఎవరివో నాకు తెలిసిపోయింది. బాపు వైపు చూశాను. ఆయన చూపుడువేలు కుర్చీ చేతి మీద ఒకసారి కదిలి ఆగింది. అంతే.

"మొగడు బత్కుండంగ గాజులు పగిలినయని రాస్తరా ఎవరన్న?" అని ఒక ముసలమ్మ చెంపలు వేసుకుంది.

"బావా, నీకు ఏం తక్కువ చేసినం?" అని పురానాపూల్ అన్న పెద్దబాపును నిలదీశాడు. "నా చెల్లె మీద చెయ్యేస్తవా?"

పెద్దబాపు భార్య ముఖంలోకి చూశాడు. ఆయనకు కథ సంగతి తెలుసు, రాసేముందు బర్రెలతో పాటు ఆయనా విని ఉంటాడు. గోడ ఇవతల మా ఇంటి సంగతీ తెలుసు. కొట్టం గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"అది కథనే అన్నా" అన్నది పెద్దమ్మ. "ఉత్తగ రాసిన."

"ఉత్తగ ఎట్ల రాస్తవ్? చెయ్యి చూపియ్యి."

ఆమె చేతులు చాపింది. రెండు చేతులా నిండుగా ఎర్రగాజులు. పెద్దమనిషి ఒకాయన "అన్నీ మంచిగనే ఉన్నయి గద" అని గొణిగాడు. అప్పుడు మా బాపు గొంతు సవరించుకున్నాడు.

"కొత్తవి ఏసుకున్నదేమో" అన్నాడు. తర్వాత పెద్దబాపు వైపు తిరిగి, దరఖాస్తు రాసిచ్చేటప్పటి నెమ్మదితో, "చూడన్నా, కోపం ఎవలకైన వస్తది. గని ఆడిదాని మీద చెయ్యెత్తుడు మొగతనం గాదు. నలుగుట్ల ఇజ్జత్ పోతది" అన్నాడు.

అందరూ తలలూపారు. సరిగ్గా అప్పుడే మా అమ్మ చాయ్ తెచ్చింది. చుట్టాలొచ్చారు, ఇంటామె మాట పడుతున్నది, చాయ్ ఎవరు పెడతారని తనే పెట్టి తెచ్చింది. కొంగు మణికట్ల దాకా లాక్కుంది. అయినా పళ్ళెం పట్టుకున్న చేతులు బయటే ఉంటాయి కదా. ఒక్కో చేతికి ఒక్కో పాత గాజు. ఆ వాకిట్లో ఇంతమంది ఒక ఆడమనిషి గాజుల గురించి మాట్లాడుతూ, కళ్ళ ముందున్న చేతుల నుంచి చాయ్ అందుకున్నారు. ఎవరూ చూడలేదు.

"ఈమెయి నిండుగున్నయంటె మరి పగిలినయి ఎవలయి?" అన్నాడు పురానాపూల్ అన్న. ఆయన తెలివైనవాడు కాదు, మొండివాడు. "ఎవలయో చెప్పు. చెప్తె లేసిపోత."

పళ్ళెంలో గ్లాసులు చప్పుడయ్యాయి. పెద్దమ్మ నోరు తెరిచింది. గల్లీ చివరిదాకా వినిపించే గొంతు, పప్పు మాడేదాకా ఆగని నోరు. ఒక్క మాట అంటే ఆమె మొగుడు నింద నుంచి బయటపడతాడు. ఆ ఒక్క మాటకు మా అమ్మ ఆ వాకిట్లో నలుగురి ముందూ నిలబడాలి. పెద్దమ్మ మా అమ్మ చేతుల వైపు చూసింది, తెరిచిన నోరు మూసుకుంది. అంతసేపు ఆమె మాట్లాడకుండా ఉండడం నేను చూసింది అదొక్కసారే.

"నా తప్పే బావా" అన్నాడు పెద్దబాపు. అందరూ ఆయన వైపు తిరిగారు. "ఒక్కపారి చెయ్యి లేసింది. మల్ల లేవది."

బర్రెను జరపడానికి కూడా తల్లీ అనే మనిషి. పురానాపూల్ అన్న నాలుగు మాటలన్నాడు, పడ్డాడు. చేతులు జోడించమంటే జోడించాడు. మా బాపు లేచి ఆయన భుజం తట్టి, "పెద్దమనిషివనిపిచ్చుకున్నవ్" అన్నాడు. అందరూ చాయ్ బాగుందన్నారు.

ఇప్పటికీ ఇది రాస్తుంటే నా ముఖం వేడెక్కుతున్నది. సిగ్గుపడవలసినవాడు కుర్చీలో కూర్చున్నాడు. ఏ పాపం తెలియని మనిషి తెల్లారి నుంచి పాలు పోసే ఇళ్ళలో తల వంచుకుని నిలబడ్డాడు. "గింత మంచిగ కనిపిస్తడు, ఇంట్ల గట్లనంట" అని ఆడవాళ్ళు అనుకోవడం నా చెవులతో విన్నాను. పత్రికను క్యాన్ల మధ్య పెట్టుకుని తిప్పడం మానేశాడు.

కొన్నాళ్ళకు నేను కొట్టంలోకి వెళ్ళాను. పెద్దమ్మ పేడ ఎత్తుతున్నది. ఏం అడగాలనుకుని వెళ్ళానో మరిచిపోయి, "మమ్మల్ని ఇల్లు ఖాళీ చెయ్యమనరాదు పెద్దమ్మా?" అన్నాను.

ఆమె తట్ట దించింది. "ఖాళీ చెయ్యమంటె మీ అమ్మ గీ గోడ గూడ లేనికాడికి పోతది బిడ్డా" అన్నది. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "నాకు శరం లేదు. నా రాతకు ఆయిన మొఖం నల్లగైంది. నా పేరు ఇగ యాడ రాయద్దు. నువ్వు గూడ రాయకు. పెద్ద రచయితవైనంక గూడ రాయకు. పేరు చూస్తె గాజుల లొల్లి యాదికొస్తది వీళ్ళకు. అండ్లకెళ్ళి మీ అమ్మ దాంక వస్తరు" అన్నది. సిగ్గుతో ఆమె గొంతు సన్నబడిపోయింది. ఆమె ఎందుకు సిగ్గుపడాలి? ఆ మాట నేను ఆమెతో అనలేదు. నా సిగ్గే నాకు సరిపోయింది.

ఆ పంచాయితీ తర్వాత బాపు మారిపోయాడని రాస్తే కథకు బాగుంటుంది. ఆయన మారింది ఒక్క విషయంలోనే. కోపం వచ్చినప్పుడు ముందు లేచి రేడియో గట్టిగా పెట్టేవాడు. గోడకు చెవులున్నాయని తెలిసింది కదా.

రేడియో మొదలైన కాసేపటికల్లా గడప దగ్గర చెప్పుల చప్పుడు వినిపించేది. "చెల్లే! చారెడు చక్కెర పెట్టు. ఏమైందనుకున్నవ్ ఇయ్యాల..." అంటూ ఖాళీ గిలాసతో పెద్దమ్మ కూర్చునేది. టాంగావాలా నుంచి మొదలుపెట్టి ఎక్కడికో పోయేది. బాపు అంగీ వేసుకుని బయటికి పోయేదాకా లేచేది కాదు. ఇంతకుముందు బాపు గొంతు పెరిగితే వచ్చేది, ఇప్పుడు రేడియో గొంతు పెరిగితే వస్తున్నది, అంతే తేడా. వేళాపాళా లేని మనిషని నేను వెక్కిరించిన ఆమెకు మా ఇంటి వేళలన్నీ తెలుసు. ఖాళీ గిలాస పట్టుకుని ఎన్నేళ్ళుగా వస్తున్నదో! ఆమె చెయ్యి తిప్పుడు నేను చేసి చూపిస్తే అమ్మ కళ్ళు ఎందుకు తుడుచుకునేదో అప్పుడు అర్థమై, మళ్ళీ ఎన్నడూ ఆమెలా మాట్లాడి చూపించలేదు.

తర్వాత నేను చాలా రాశాను. నవలలు కూడా రాశాను. స్త్రీల కష్టాలు బాగా రాస్తానని పేరొచ్చింది, శాలువాలొచ్చాయి. ఇన్ని వందల పేజీల్లో ఎక్కడా మా బాపు లేడు. ఇస్త్రీ అంగీ వేసుకుని కుర్చీలో కూర్చున్న ఆ మనిషిని పెట్టడానికి నాకు ఎంత పెద్ద కథా సరిపోలేదు. పెద్దమ్మ ఒక కార్డులో పెట్టింది.

అది పంచాయితీ అయిన కొన్ని నెలలకు. కిరాయి పుస్తకాల దుకాణం నుంచి వారపత్రిక తెచ్చుకుని తిరగేస్తున్నాను. అమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది. బాపు ముందుగదిలో రేడియో వింటున్నాడు, ఆ రోజు కోపం కోసం కాదు, వార్తల కోసం. ఒక పేజీ అడుగున, సబ్బు ప్రకటన పక్కన, "అమ్మా, ఇక్కడ అందరం క్షేమం" అని కనిపించింది. కింద రాసినవారి పేరు లేదు. ఒక సోదరి, హైదరాబాద్, అని ఉంది.

"పెద్దమ్మది" అన్నాను అమ్మతో, మెల్లగా.

"చదువు" అన్నది అమ్మ. అమ్మకు చదువు రాదు.

గొణుగుతున్నట్టు మొదలుపెట్టాను. అమ్మ చాట కింద పెట్టి లేచింది. ముందుగదిలోకి వెళ్ళింది. రేడియో ఆగిపోయింది. ఆ రేడియో మీద అమ్మ చెయ్యి పడడం నేను ఎప్పుడూ చూడలేదు. తిరిగి వచ్చి కూర్చుని, చాట ఒళ్ళోకి తీసుకుని, "గట్టిగ చదువు" అన్నది.

చదివాను.

"అమ్మా, ఇక్కడ అందరం క్షేమం. నిన్న మా వాకిట్లో పంచాయితీ జరిగింది. కొట్టినాయన తీర్పు చెప్పినాడు. కొట్టనాయన తప్పు ఒప్పుకున్నాడు. దెబ్బలు తిన్నామె అందరికీ చాయ్ తెచ్చింది. చక్కెర సరిపోయిందని అందరూ మెచ్చుకున్నారు."

 అమ్మ బియ్యంలో నుంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "ఇంకొక్కపారి" అన్నది. ఇంకోసారి చదివాను. ఆ తర్వాత అమ్మ లేచి గోడ దగ్గరకు వెళ్ళి, ఇల్లంతా వినబడేలా "అక్కా! చాయ్ పెడుతున్న, రా" అని కేక వేసింది.

పెద్దమ్మ వచ్చింది. చేతిలో గిలాస లేకుండా ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు. బాపు ముందుగదిలోనే కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఎదురుగా గడప మీద కూర్చుంది. అమ్మ చాయ్ తెచ్చి చేతికిచ్చింది. పెద్దమ్మ ఒక గుక్క తాగింది. టాంగావాలా లేడు, పెళ్ళి లేదు, బర్రె లేదు.

"నిజం చెప్పాలె గద చెల్లే. చక్కెర సాల్లేదు" అన్నది.

అమ్మ గట్టిగా నవ్వింది. బాపు తల దించుకున్నాడో లేదో నాకు తెలియదు. నేను అప్పటికే తల దించుకుని ఉన్నాను.